గుచ్చిన పచ్చిక, దువ్విన పచ్చిక

తేనెగుట్ట వెనక మనుషులు వదిలేసిపోయిన గోల్ఫ్ మైదానం ఒకటి ఉంది. ఎప్పుడు కట్టారో, ఎందుకు వదిలేశారో అడవిలో ఎవరికీ తెలియదు. తెలుసని చెప్పేది నక్క చలమయ్య ఒక్కడే కాబట్టి, ఎవరికీ తెలియదనే అనుకుందాం.

మనుషులు పోయాక అది ముళ్ళపొదల పాలు కావలసిందే. అలా కాకుండా కాపాడింది ఇద్దరు. ఒకరు ఏనుగు దొర గజపతి. ఆయనకి ఆ ఆట మీద మోజు పుట్టింది. తొండంతో టేకు కొమ్మ పట్టుకుని వెలగకాయని ఒక్క దెబ్బ కొట్టడం, అల్లంత దూరాన ఉన్న గుంటలో అది పడేదాకా దాని వెంట తిరగడం, పడగానే చెవులు ఊపుకుంటూ ఘీంకరించడం. ఆయనకి అంతకుమించిన సంబరం లేదు. రెండోవాడు ఎద్దు పుల్లన్న. ఏళ్ళ తరబడి నాగలి లాగి, ముసలితనంలో అడవి చేరినవాడు. దొర ఆడతాడు, పుల్లన్న మైదానాన్ని సాకుతాడు.

మైదానంలో తొమ్మిది గుంటలు. ఒక్కో గుంట చుట్టూ పెళ్ళిపందిరంత మేర పచ్చికని పొట్టిగా కత్తిరించి నున్నగా ఉంచుతారు. మనుషులు దాన్ని గ్రీన్ అనేవారట. అడవిలో వాళ్ళు చాప అంటారు.

పుల్లన్న జీతం కింద అడిగింది ఒకే ఒక్క మాట. మాంసం తినేవాడి కాలు మైదానంలో పడకూడదని. దొర సరేనన్నాడు. అప్పటినుంచీ హద్దురాళ్ళకి ఇవతల కుందేళ్ళు కునుకు తీసేవి, అవతల చలమయ్య గుటకలు మింగేవాడు.

ఇంతకీ నేను చెప్పబోయేది తీతువుపిట్ట సన్నమ్మ కథ.

సన్నమ్మ నేల మీదే గుడ్లు పెట్టే జాతి. గూడు లేదు, గొడుగు లేదు. మొదటి ఏడు వాగులో ఎత్తైన ఇసుకమేట మీద పెడితే వరద తీసుకుపోయింది. రెండో ఏడు పల్లంలో బండల సందున పెడితే ఉడుము తినేసింది. ఇంకో చోట పెడదామంటే ఎవరూ రానివ్వరు. తీతువు అరిస్తే కీడని నెమళ్ళు తరిమాయి, దుప్పులు తరిమాయి, ఆఖరికి గబ్బిలాలు కూడా మొహం చిట్లించాయి. అప్పుడు పుల్లన్న దగ్గరికి వచ్చి, కాస్త దూరంగానే నిలబడి అడిగింది.

"పెద్దయ్యా, నేను అరుస్తాను. ముందే చెబుతున్నాను."

"అరుచుకో తల్లీ. నీ కాళ్ళు తేలిక. మా పచ్చికకి కావలసింది అదే," అన్నాడు పుల్లన్న.

అలా చలికాలంలో ఆమె మైదానంలో చేరింది. ఈ ఏడు తొమ్మిదో చాప అంచున, కాస్త ఎత్తుగా ఉన్న గులకరాళ్ళ దిబ్బ మీద నాలుగు గుడ్లు పెట్టింది. ఎండ ముదిరితే మొగుడు తీతువు వాగుకి పోయి, రొమ్ము ఈకలు తడుపుకొచ్చి గుడ్లని చల్లబరిచేవాడు. వచ్చిన నాటినుంచీ ఆమె పుల్లన్న పని చూస్తూనే ఉంది.

ఆ పని చూస్తే ఆమెకి ఆశ్చర్యం తీరేది కాదు. చలికాలంలో పొద్దున్నే పొడుగాటి వెదురుబద్ద నోట కరుచుకుని, చాప ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఈడ్చి మంచు దులిపేవాడు. మంచు నిలిస్తే పచ్చికకి తెగులు వస్తుందట. తర్వాత కుందేలు బుల్లెమ్మ తన బలగంతో వచ్చి పళ్ళతో కత్తిరించేది. వరిగింజని నిలబెడితే ఎంతో అంత ఎత్తు. ఒక్క పోచ ఎక్కువుంటే పుల్లన్న తల అడ్డంగా ఊపేవాడు. బుల్లెమ్మ గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళి ఆ పోచని కొరికొచ్చేది. రోజూ ఒకే చోట తొక్కుడు పడకుండా గుంటని కూడా ఇవాళ ఇటు, రేపు అటు మార్చేవాడు. నీళ్ళు పెడితే పొద్దున్నే పెట్టేవాడు, అదీ పచ్చిక వాడినట్టు కనబడిన రోజునే.

"రోజూ పెట్టొచ్చుగా పెద్దయ్యా, వాగు పక్కనే కదా?" అని సన్నమ్మ ఒకసారి అడిగింది.

"పిలిచి పెడితే ఎవరైనా వెతుక్కుంటారా తల్లీ? కాస్త దాహం వేస్తేనే వేరు కిందికి దిగేది."

సన్నమ్మకి సగమే అర్థమైంది. అయినా ఇంత పెద్ద శరీరం ఇంత చిన్న పోచ గురించి ఇంతగా ఆలోచించడం ఆమెకి ఎంతో గొప్పగా తోచింది.

రోహిణి కార్తె నడుస్తోంది. తెల్లారేసరికి పుల్లన్న తొమ్మిదో చాప దగ్గరికి ఏదుపంది గూనయ్యని వెంటబెట్టుకొచ్చాడు.

"ఇక్కణ్ణించి మొదలుపెట్టనా బావా?" అన్నాడు గూనయ్య.

"ఆ. ఒక్క జానెడు కూడా వదలకు."

గూనయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, ముడుచుకుని, బంతిలా దొర్లడం మొదలుపెట్టాడు. దొర్లిన చోటల్లా పచ్చికలో బెజ్జాలు! పట్టులాంటి చాప కాస్తా స్ఫోటకం పోసిన మొహంలా తయారైంది. అది చాలదన్నట్టు పుల్లన్న వాగు ఇసుక తెచ్చి దాని మీద గుమ్మరించాడు. ఒక తుమ్మకంప నడుముకి కట్టుకుని ఇటూ అటూ ఈడ్చి, ఆ ఇసుకని బెజ్జాల్లోకి నెట్టాడు. సన్నమ్మ దిబ్బ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చుట్టూ తిరిగి, ఒక్క రాయి కూడా కదలకుండా వెళ్ళాడు.

"పెద్దయ్యా, మతిపోయిందా నీకు?" అంది సన్నమ్మ. "ఏడాదంతా బిడ్డలా పెంచి ఇప్పుడు పొడిపిస్తావా?"

"బిడ్డకి ఊపిరాడొద్దూ?" అని పుల్లన్న ఇంకో తట్ట ఇసుకకి వెళ్ళిపోయాడు.

హద్దురాయి వెనకనుంచి చూస్తున్న చలమయ్య ఒక్క పరుగున దొర దగ్గరికి పోయాడు.

"దొరా! ఘోరం జరిగిపోయింది. నేనేమీ చాడీలు చెప్పేవాణ్ణి కాదు, మీకు తెలుసు."

"తెలుసులే. చెప్పు."

"మీ వియ్యంకుడుగారు కొండలరాయుడుగారు ఈ నెల్లోనే ఆటకి వస్తున్నారా? వచ్చి తొమ్మిదో చాప చూశారా, ఇక మీ పరువు గంగలో కలిసినట్టే. ముసలాయన ముళ్ళతో పొడిపించి ఇసుక కొట్టాడు. వయసైపోయింది పాపం."

దొర వచ్చి చూశాడు. చూసి, తొండం కిందికి వేలాడేశాడు. సన్నమ్మ భయపడి ఈకలు దగ్గరికి తీసుకుంది.

"ఏమిటిది పుల్లన్నా?"

"నేల గట్టిపడింది దొరా. ఏడాదంతా పైన..." పుల్లన్న దొర పాదాల వంక ఓసారి చూసి, మర్యాదకి చూపు తిప్పుకున్నాడు. "పైన బరువు పడింది. అలా గట్టిపడితే కిందికి గాలి పోదు, నీళ్ళు పోవు. ఏడాదికోసారి గుచ్చాలి. నాగలితో చేసిన పనే, కాస్త చిన్నగా చేశాను."

"ఇదేమన్నా జొన్నచేనా?" హద్దురాయి అవతలినుంచి అరిచాడు చలమయ్య. "దొరా, ఎనిమిదో చాపని ఇంకా ఈయన పాడుచెయ్యలేదు. అది నాకిప్పించండి. ఎలా చూసుకుంటానో చూడండి. వియ్యంకుడుగారు రెండూ చూసి ఏది బాగుందంటే, అది చూసుకున్నవాడికే మైదానమంతా ఇవ్వండి. రెండోవాడు అడవి దాటి పోవాలి."

బుల్లెమ్మ చెవులు రెండూ వెనక్కి వాలిపోయాయి. మైదానం చలమయ్య చేతికి పోతే కుందేళ్ళ గతి ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. సన్నమ్మ తన నాలుగు గుడ్ల మీద ఇంకాస్త పరుచుకుని కూర్చుంది. వాటికి రెక్కలు లేవు, కాళ్ళు లేవు, పారిపోవడానికి ఇంకా పుట్టనైనా లేదు.

"ఏమంటావు పుల్లన్నా?" అన్నాడు దొర.

పుల్లన్న తల తిప్పి సన్నమ్మ కూర్చున్న దిబ్బ వైపు చూశాడు. పోయినేడు ఆమె పల్లంలో పెట్టింది, వానలు ముఖం చాటేశాయి. ఈ ఏడు ఎత్తున పెట్టింది. తీతువు ఎత్తున పెట్టిన ఏడు వానలు కుండపోతగా పడతాయని నాగలి పట్టినవాళ్ళకి తెలుసు, నాగలి లాగినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

"నాకు సమ్మతమే దొరా. ఒక్కటే మాట. ఆట మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు పెట్టండి."

చలమయ్య పకపకా నవ్వాడు. "వాన పడితే పచ్చిక ఇంకా పచ్చబడుతుంది. అడిగి మరీ నా నెత్తిన పాలు పోస్తున్నాడు ముసలాయన! సరే దొరా, సరే, సరే."

అంతటితో చలమయ్యకి ఎనిమిదో చాప దాకా రావడానికి దారి దొరికింది. వచ్చిన గంటలోనే అధికారి అయిపోయాడు. మనుషులు వదిలేసిన రాతి రోలర్ ఒకటి పొదల్లో పడివుంటే, అడవిపందుల చేత దాన్ని చాప మీద పొద్దస్తమానం దొర్లించాడు. నేల అద్దంలా నునుపు తేలింది. రోజూ సాయంత్రం దుప్పుల చేత నీళ్ళు తెప్పించి చల్లించాడు. బుల్లెమ్మ బలగాన్ని పిలిచి వరిగింజ ఎత్తు కాదు, నువ్వుగింజ ఎత్తుకి కత్తిరించమన్నాడు. వాళ్ళు వణుకుతూ కొరుకుతుంటే పక్కనే కూర్చుని, "నీ తొడ బాగా ఒళ్ళు చేసిందే బుల్లెమ్మా," అని ఆప్యాయంగా పలకరించేవాడు. చివర్లో తన తోకతో పచ్చికనంతా ఒకే వైపుకి దువ్వేవాడు.

పది రోజులు గడిచాయి. ఎనిమిదో చాప చూస్తే ఎవరికైనా కళ్ళు చెదిరేవి. నెమళ్ళు వచ్చి దాని పక్కన తమ పింఛాలు విప్పి, సరిపోక ముడుచుకుని పోయాయి. తొమ్మిదో చాప మీద బెజ్జాలు పూడుతున్నాయి గానీ, ఇంకా ఇసుక మరకలే. సన్నమ్మకి అబద్ధమాడటం రాదు. పక్క చాప అందంగా ఉందనే ఆమె అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఒక ఉదయం చలమయ్య ఎనిమిదో చాప చివర నిలబడి మెత్తగా పిలిచాడు.

"ఏం చెల్లెమ్మా, గుడ్లు బాగున్నాయా?"

"నా గుడ్ల ఊసు నీకెందుకు?"

"అన్నని కదా, అడగనా? నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. మూడోది కాస్త పెద్దది."

సన్నమ్మ మూడో గుడ్డుని రొమ్ము కిందికి లాక్కుంది.

"నీకొక మాట చెబుతాను," అన్నాడు చలమయ్య. "వియ్యంకుడుగారికి శకునాల పట్టింపు. ఆయన తొమ్మిదో చాప మీద కాలు పెట్టబోతుండగా నువ్వు నెత్తి మీద ఎగురుతూ నాలుగు కేకలు పెట్టు. ఆయన వెనక్కి తిరుగుతాడు, ఎద్దు అడవి దాటుతాడు, నేనుంటాను. నేనున్నంతకాలం నీ గుడ్ల జోలికి చీమ కూడా రాదు."

"అరవకపోతే?"

"అరవకపోయినా గెలిచేది నేనే. ఆ చాప చూడు, ఈ చాప చూడు. కాకపోతే అప్పుడు నీకు నేను అన్నని కాను."

సన్నమ్మ గుడ్ల వంక చూసింది. పుల్లన్న వంక చూసింది. అతను దూరాన తుమ్మకంప ఈడ్చుకుంటూ వెళుతున్నాడు.

"అరవాల్సిన చోట అరుస్తాను," అంది చివరికి.

"అదీ తెలివంటే!" అని చలమయ్య తోక ఊపుకుంటూ పోయాడు.

మొగుణ్ణి గుడ్ల మీద కూర్చోబెట్టి సన్నమ్మ నేరుగా పుల్లన్న దగ్గరికి పోయింది. జరిగిందంతా చెప్పి, తల దించుకుంది.

"ఏం చెయ్యమంటావు పెద్దయ్యా? నాకు భయంగా ఉంది. రెండేళ్ళు పోగొట్టుకున్నాను. మూడోసారి తట్టుకోలేను."

పుల్లన్నకి కోపం రాలేదు. "నీ గుడ్లు నీవి తల్లీ. అరవమని గాని, వద్దని గాని నేను చెప్పకూడదు. నాకు తెలిసింది చూపిస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం. ముందు పోయి ఆ ఎనిమిదో చాపలో ముక్కు దింపిరా."

సన్నమ్మ వెళ్ళి పొడిచింది. టక్కుమంది. రాతి మీద పొడిచినట్టు ముక్కు జివ్వుమంది. ఇంకో చోట పొడిచింది. అక్కడా అంతే. పైన వేలెడు తడి, ఆ కింద బండ. పచ్చికపోచ ఒకటి పట్టి లాగితే చొక్కా గుండీ ఊడినట్టు ఊడొచ్చింది. దానికి వేరు ఈనెంత కూడా లేదు.

తిరిగి వచ్చేసరికి పుల్లన్న తొమ్మిదో చాప అంచున, కొమ్ముతో జాగ్రత్తగా ఒక మట్టిపెళ్ళ పెకలించి పక్కకి వాల్చాడు.

"ఇప్పుడిది చూడు."

సన్నమ్మ చూసింది. చూస్తూ ఉండిపోయింది. పైన పచ్చిక వరిగింజంతే. కింద వేరు ఆమె కాలికన్నా పొడుగుంది. ఒక్కటి కాదు, వేలకు వేలు, తెల్లగా, సన్నగా, దారప్పోగుల్లా. గూనయ్య ముల్లు దిగిన ప్రతి బెజ్జంలోనూ ఇసుక వెంట వేర్లు బారులు తీరి కిందికి పోతున్నాయి. వాటి మధ్య వానపాములు దారులు చేసుకుని ఎవరి పని మీద వాళ్ళు వెళుతున్నాయి. వాటిలో ఒకటి తల బయటపెట్టి, "కాస్త ఆ వెలుగు మూస్తారా, పని ఉంది," అని విసుక్కుని లోపలికి పోయింది.

చలికాలంనుంచీ సన్నమ్మ ఈ చాప మీదే నడుస్తోంది. తను నడిచేది ఒక ఊరి కప్పు మీదని ఆమెకి తెలియదు. కింద ఇంతమంది, ఇంత పని, ఇంత నిశ్శబ్దంగా! ఆమెకి ఒళ్ళు పులకరించింది. తీతువు పుట్టుక పుట్టాక మొదటిసారి ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఇదంతా ఎవరు చేశారు పెద్దయ్యా?"

"నేనైతే కాదు. నేను తలుపు తీశానంతే," అన్నాడు పుల్లన్న. మట్టిపెళ్ళని మళ్ళీ ఉన్నచోటే పెట్టి, గిట్టతో మెల్లగా అదిమాడు.

మృగశిర కార్తె మూడో రోజు మధ్యాహ్నం తేనెగుట్ట మీద మబ్బు కమ్మింది. ముందు గాలి వచ్చింది, తర్వాత మట్టివాసన, ఆ వెంటనే ఆకాశం కుండలు బోర్లించినట్టు వాన. సన్నమ్మ రెక్కలు గొడుగులా విప్పి గుడ్ల మీద కూర్చుంది. దిబ్బ చుట్టూ నీళ్ళు పరుగెత్తాయి, దిబ్బ మాత్రం మునగలేదు.

ఆ వానలో ఆమె ఒక చప్పుడు వింది. మొదట పిడుగులనుకుంది, కాదు. చెవి నేలకి ఆనించింది. తొమ్మిదో చాప గుటకలు వేస్తోంది. చిన్న చిన్న గుటకలు, వేల గొంతులతో ఒకేసారి. ఎంత పోస్తే అంత తాగుతోంది. చినుకు పడుతోంది, పడ్డ చోటే మాయమవుతోంది. అంత నీటిని లోపలికి తీసుకుంటూ పైకి ఏమీ ఎరగనట్టున్న ఆ పచ్చికకి రెక్కలెత్తి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకి. గుడ్లు తడుస్తాయని ఊరుకుంది.

పక్కన ఎనిమిదో చాప మీద వాన చప్పుడు వేరేగా ఉంది. పళ్ళెంలో పోసినట్టు టపటప, టపటప. కాసేపటికి ఆ చప్పుడు చెరువు మీద పడుతున్నట్టు మారింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. చలమయ్య తన చాప చూసుకుని నెత్తి బాదుకున్నాడు. నీళ్ళు నిలిచిపోయాయి. పైపైన నానిన మట్టి బురదైంది, వేరులేని పచ్చిక తెట్టులా తేలుతోంది. తోకతో నీళ్ళు చిమ్మి చూశాడు. ఎక్కడికని పోతాయి, కింద దారి ఏదీ? దూరాన దొర ఘీంకారం వినబడింది. చలమయ్య ఒక్క క్షణం ఆలోచించి, కుందేళ్ళు కొరికి కుప్పపోసిన గడ్డంతా తెచ్చి ఆ బురద మీద సమంగా పరిచాడు. తోకతో దువ్వాడు. దూరంనుంచి చూస్తే ఎనిమిదో చాప నిన్నటికన్నా పచ్చగా ఉంది.

దొర గజపతి, వియ్యంకుడు కొండలరాయుడు కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. వెనక అడవంతా వచ్చింది.

"ఆహా బావగారూ!" అన్నాడు కొండలరాయుడు. "ఏం పచ్చదనం! ఇంత వానకి చుక్క నీళ్ళు కనబడటం లేదే?"

"తమ దయ," అని చలమయ్య చాప అంచున నిలబడి నడుం విరిగేలా వంగాడు. "దయచెయ్యండి, పాదం మోపండి."

కొండలరాయుడు కాలెత్తాడు. ఏనుగు కాలు విరిగితే ఇక లేవడం ఉండదు. మొగుణ్ణి గుడ్ల మీద ఉంచి పైన ఎగురుతున్న సన్నమ్మకి పరిచిన గడ్డి కింద నీళ్ళు తళుక్కుమనడం కనబడుతోంది. అరిస్తే చలమయ్య పగ పట్టడం ఖాయం. నాలుగు గుడ్లు దిబ్బ మీద ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుని, గొంతు చించుకుని అరిచింది.

కొండలరాయుడి కాలు గాలిలో ఆగింది. "బావగారూ, తీతువు!"

"అబ్బే, అపశకునపు పిట్ట. దాని మాటకి విలువేమిటి దొరా!" చలమయ్య గాభరాగా అన్నాడు.

"అపశకునమే ఎందుకవుతుంది?" అన్నాడు పుల్లన్న మెల్లగా. "అది కీడు తేదు దొరా, కీడు కనబడితే చెబుతుంది. తమరు ఆ కాలు నెమ్మదిగా పెట్టి చూడండి."

కొండలరాయుడు బరువంతా మిగతా మూడు కాళ్ళ మీద వేసి, ముందుకాలు జాగ్రత్తగా ఆనించాడు. కాలు గడ్డి కింది బురదలో జర్రున జారి బారెడు దూరం పోయింది. జారిన కాలు పక్కనుంచి బురద ఎగజిమ్మి, వంగి నిలబడ్డ చలమయ్యని నెత్తినుంచి తోకదాకా ముంచేసింది. దొర తొండంతో వియ్యంకుణ్ణి వెనక్కి లాగాడు. కాలు విరగలేదు. కొండలరాయుడు మాత్రం బురద కాలు పైకెత్తి చూసుకున్నాడు.

"పూర్తి బరువు మోపి ఉంటే..." అని ఆగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. దొర మొహం సిగ్గుతో నల్లబడింది. తొమ్మిదో చాప వైపు నడిచాడు. అక్కడ ఎలాంటి పరువు పోబోతోందోనని అడుగులు బరువుగా పడుతున్నాయి.

తొమ్మిదో చాప ఎండలో సన్నగా ఆవిరి వదులుతోంది. ఇసుక మరకలు రాత్రి వానకి లోపలికి పోయాయి. బెజ్జాలన్నిటిలోంచీ కొత్త మొలక. ఎక్కడా నీళ్ళు లేవు. ప్రతి పోచా నిటారుగా నిలబడివుంది. కొండలరాయుడు భయం భయంగా కాలు ఆనించాడు. చాప కాస్త అణిగింది. కాలు తీయగానే అడుగుగుర్తు మెల్లగా, చూస్తుండగానే పైకి లేచి సమమైపోయింది.

ఆయన ఇంకోసారి కాలు పెట్టి తీశాడు. మళ్ళీ లేచింది.

"బావగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "నిన్న పడ్డ వానంతా ఎక్కడికి పోయింది?"

"తాగేసింది దొరా," అన్నాడు పుల్లన్న. "మీ ఇద్దరి బరువూ ఇది మోస్తుంది. ఏడాదికోసారి గుచ్చి ఊపిరాడనిస్తే చాలు."

రెండు ఏనుగులూ చాలాసేపు అలా నిలబడిపోయాయి. వెనక నెమళ్ళు, దుప్పులు, అడవిపందులు కూడా కిక్కురుమనలేదు. గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారందరూ. ఆ నిశ్శబ్దంలో టిక్కుమని ఒక చప్పుడైంది. దిబ్బ మీద మూడో గుడ్డు చిట్లింది. కాస్త పెద్దదని చలమయ్య చెప్పిందే. అందులోంచి తడి తడి పిల్ల ఒకటి బయటికొచ్చి, పుట్టిన కాసేపటికే పుల్లకాళ్ళ మీద లేచి, తూలుతూ తొమ్మిదో చాప మీదికి నడిచింది. కొండలరాయుడు రెండడుగులు వెనక్కి వేసి దానికి దారిచ్చాడు. సన్నమ్మ ఏడ్చింది. తీతువులు ఏడిస్తే కూడా అరిచినట్టే ఉంటుంది, కానీ ఆ రోజు ఆ అరుపుకి ఎవరూ మొహం చిట్లించలేదు.

దొర పుల్లన్న ముందు తొండం వంచాడు. "తప్పయింది పుల్లన్నా. ఆ రోజు బరువన్నావు గానీ, ఎవరి బరువో చెప్పలేదు."

"చెప్పకపోయినా ఇప్పుడు తెలిసింది కదా దొరా."

"మరి ఇతణ్ణేం చెయ్యమంటావు?"

చలమయ్య కళ్ళు తప్ప అంతా బురదే. ఆ కళ్ళు కూడా దారులు వెతుకుతున్నాయి.

"అడవి దాటిపోయేముందు ఒక్క పని చేసిపొమ్మనండి. ఆ గడ్డి తనే పరిచాడు కదా, తనే ఏరాలి. పోచ పోచా. ఏరాక గూనయ్య ఆ చాపని గుచ్చుతాడు," అన్నాడు పుల్లన్న.

మూడు రోజులు పట్టింది. వెనక గూనయ్య ముళ్ళు నిక్కబొడుచుకుని కాపలా. ముందు బుల్లెమ్మ కూర్చుని, "అక్కడ ఒకటి వదిలేశావు అన్నా. నీ తొడలు బాగా చిక్కిపోయాయే," అని ఆప్యాయంగా పలకరిస్తూ ఉండేది. ఆఖరి పోచ ఏరి చలమయ్య హద్దురాయి దాటుతుంటే, నాలుగు పిల్లల్ని మొగుడికి అప్పగించి సన్నమ్మ అతని నెత్తి మీద ఎగిరి గట్టుదాకా అరుస్తూ సాగనంపింది. ఇప్పటికీ మైదానం ఛాయలకి నక్క వస్తే ముందు తెలిసేది ఆమెకే. ఆమె అరిస్తే అడవంతా తలెత్తి చూస్తుంది గానీ తరమదు.

ఇంకో రోహిణి కార్తె వచ్చింది. తొమ్మిది చాపలూ గుచ్చే ముందు దొర గజపతి స్వయంగా వచ్చి, ఇసుక తట్ట ఎక్కడుందని అడిగాడు.

పైన ఎంత మెరుస్తోందో చూసి మురిసిపోండి, కాదనను. పని ఎవరికి అప్పగించాలో మాత్రం కింద ఎంత లోతుకి వేరు దిగిందో చూసి తేల్చుకోండి.